జాన్‌కి భాష ఎలా వచ్చింది?

పిల్లల కథల్లో ఒక చిత్రం ఉంది, మీరెప్పుడైనా గమనించారో లేదో. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని పరాయి ఊళ్లో వచ్చిపడ్డ కుర్రాడు ఎవడైనా సరే, వాడికి ఏదో ఒక వింత శక్తి ఉండితీరాలి. ఒకడు గాల్లో ఎగురుతాడు. ఒకడు జంతువులతో మాట్లాడతాడు. ఇంకొకడు కొండనెత్తి చిటికెనవేలి మీద నిలబెడతాడు. ఏ శక్తీ లేకుండా, ముక్కు కారుతూ, ఆకలేసి ఏడుస్తూ వచ్చినవాణ్ణి హీరోగా పెట్టుకున్న సాహస కథ నా చిన్నతనంలో ఒక్కటీ నా చేతికి తగల్లేదు.

ఆ మాటకొస్తే మనింట్లో రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకునే చిన్నికృష్ణుడి సంగతేమిటి చెప్పండి! పుట్టింది మథురలో, చెరసాలలో. పుట్టిన రాత్రే తండ్రి చేతుల్లో యమున దాటాడు. పెరిగింది పరాయి ఇంట. అక్కడన్నా స్థిమితంగా ఉన్నాడా? పూతన అయింది, శకటుడయ్యాడు, తృణావర్తుడయ్యాడు. చివరికి గోపకులందరూ బండ్లు కట్టుకుని బృందావనానికి వలసపోవలసి వచ్చింది. పరాయిబిడ్డ అని యశోదకి తెలియదు కనక సరిపోయింది. తెలిసి ఉంటే ఆ వెన్నముద్దలు అంత ధారాళంగా అందేవా అని నాకు ఒక్కోసారి సందేహం వస్తుంది. యశోద నన్ను క్షమించుగాక, ఆవిడ సంగతి కాదు నేననేది, చుట్టుపక్కల అమ్మలక్కల సంగతి.

అమెరికా వాళ్లూ తక్కువ తినలేదు. పేలిపోతున్న గ్రహం నుంచి ఒక పసివాణ్ణి రాకెట్లో పెట్టి పంపిస్తే భూమ్మీద ఒక దంపతులు దొరికించుకుని పెంచుకుంటారు. అదే 1938లో వచ్చిన సూపర్‌మాన్. రాసిన జెర్రీ సీగెల్, బొమ్మలు వేసిన జో షుస్టర్ ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలే. పరాయివాడుగా బతకడమంటే ఏమిటో వాళ్ల ఇళ్లల్లో తెలియనిది కాదు. మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారు తోకచుక్క, మకరదేవత, కంచుకోట అని ఏళ్లతరబడి సీరియల్స్ రాస్తుంటే, చిత్రాగారి బొమ్మలు చూసుకుంటూ మేము అన్నం తినడం కూడా మర్చిపోయేవాళ్లం. అందులోనూ అంతే. నిలవనీడ లేక అడవిలో పడ్డవాడికి ఏ మాంత్రికుడో ఎదురుకావాలి, ఏ మంత్రదండమో చేతికి రావాలి.

నాకేమనిపిస్తుందంటే, ఆ శక్తి అనేది రచయిత రాసిచ్చే సిఫారసు ఉత్తరం. "అమ్మా, ఈ పిల్లవాడు పరాయివాడే, కాని ఊరికే తినేరకం కాదు, మీకు పనికొస్తాడు, కాస్త చేరదీయండి" అని పాఠకుడికి చెప్పడం!

మన భాషలో అటువంటి వాళ్లకి ఒక మంచి మాట ఉంది. కాందిశీకుడు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది వచ్చిపడ్డప్పుడు పేపర్ల నిండా ఆ మాటే. మనం రాసే ప్రతి ఉత్తరం మీదా అదనంగా ఐదు పైసల కాందిశీకుల సహాయం స్టాంపు అంటించాలన్నారు, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ మాట ఎలా పుట్టిందో మా తెలుగు మాస్టారు చెప్పారు. 'కాం దిశం', అంటే 'ఏ దిక్కుకి' అని. "ఏ దిక్కుకి పోను?" అని అడుగుతూ పరుగెత్తేవాడు కాందిశీకుడట. ఆ మాటలోనే ఒక ప్రశ్న ఉంది చూడండి. వచ్చినవాడు ప్రశ్నతో వస్తాడు. మనం ఎదురు ప్రశ్న వేస్తాం, "ఎక్కణ్ణుంచి వచ్చావు?" అని.

ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నానంటే, పోయిన వేసవిలో మా అక్క కూతురు అమెరికా నుంచి వస్తూ మా మనవడి కోసం ఒక పాత పుస్తకం తెచ్చింది. అలెగ్జాండర్ కీ అనే ఆయన 1965లో రాసిన 'ది ఫర్‌గాటెన్ డోర్'. మరుపున పడ్డ తలుపు అనుకోండి. మావాడు నాలుగు పేజీలు తిప్పి, బొమ్మలు తక్కువగా ఉన్నాయని నా ఒళ్లో పడేశాడు. నేను మాత్రం ఆ మధ్యాహ్నం పొయ్యి మీద పాలు పొంగించుకుంటూ మరీ చదివాను.

కథ చెబుతాను. జాన్ అని ఒక కుర్రాడు. వాళ్ల లోకంలో ఒక రాత్రి, రాలే చుక్కలు చూడ్డానికి కొండమీద నిలబడ్డవాడు, అందరూ మర్చిపోయిన ఒక పాత తలుపులోంచి కాలుజారి మన భూమ్మీద పడతాడు. దెబ్బ తగిలి, ఎవరో ఏమిటో అన్నీ మర్చిపోతాడు. వాడికి మనుషుల మనసులో మాట వినపడుతుంది. జంతువులతో మాట్లాడగలడు. కాని డబ్బంటే ఏమిటో తెలియదు, తుపాకీ ఎందుకో తెలియదు, మాంసం తినడు. మొట్టమొదట చూసిన మనిషి వాణ్ణి పట్టుకోబోతాడు. అడవిమనిషి పిల్ల తిరుగుతోందని ఊరంతా పుకారు. ఏ ఇంట్లో వస్తువు పోయినా వాడిమీదే అనుమానం. చివరికి ఆ పసివాణ్ణి కోర్టుదాకా ఈడుస్తారు.

వాణ్ణి చేరదీసేది బీన్ అనే కుటుంబం. భార్యా భర్తా ఇద్దరు పిల్లలు, రంగురాళ్లమ్ముకునే చిన్న దుకాణం. ఇక్కడ నాకు నచ్చిన సంగతేమిటంటే, వాళ్లు వాణ్ణి బండి ఎక్కించుకున్నప్పుడు వాడి శక్తుల సంగతి వాళ్లకి తెలియదు. దారిలో ఒంటరి పిల్లవాడు, ఒంటిమీద దెబ్బలు. అంతే తెలుసు. శక్తుల సంగతి బయటపడ్డాకే అసలు కష్టాలు మొదలు. ఊరివాళ్లకి భయం. పై అధికారులకీ, గూఢచారులకీ ఆశ. ఎదుటివాడి మనసు చదివే కుర్రాడు చేతిలో ఉంటే ఇంకేం కావాలి! భయపడ్డవాళ్లూ, ఆశపడ్డవాళ్లూ ఇద్దరూ వాణ్ణి పిల్లవాడుగా చూడడం మానేశారు. ఆ ఇల్లు ఒక్కటే వాణ్ణి కూచోబెట్టి అన్నం పెట్టింది. పెట్టినందుకు ఫలితం, ఆ ఊళ్లో వాళ్లకే నిలవనీడ లేకుండా పోయింది. చివరికి తలుపు మళ్లీ తెరుచుకున్నప్పుడు జాన్‌తోపాటు బీన్ కుటుంబమంతా ఇల్లు వదిలి ఆ తలుపులోంచి వెళ్లిపోతారు. ఆశ్రయమిచ్చినవాళ్లే కాందిశీకులయ్యారన్నమాట. పిల్లల పుస్తకానికి ఇంత ముగింపా అని చాలాసేపు అలాగే కూచున్నాను.

ఇక మా సారపాక సంగతి. గోదావరికి అవతల భద్రాద్రి రాముడు, ఇవతల మేము. మధ్యన వంతెన. అదీ ఆ పుస్తకం వచ్చిన 1965లోనే వచ్చింది. 1979లో కాగితం మిల్లు పని మొదలుపెట్టాక ఊరు పెరిగింది. గుంటూరు వాళ్లు, విజయనగరం వాళ్లు, కేరళ వాళ్లు, ఎవరి యాస వాళ్లది. నేనూ 1983లో మావారి వెంట తెనాలి వైపు నుంచి రెండు ట్రంకుపెట్టెలతో దిగినదాన్నే. దిగిన రోజున నన్ను ఎవరూ కాగితాలు అడగలేదు. పక్కింటావిడ చారు గిన్నె పంపించింది.

1986 ఆగస్టులో గోదారమ్మ భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటినప్పుడు చూశాను, మళ్లీ 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు చూశాను. పట్టుచీరెలూ బియ్యం బస్తాలూ ఏది ముందు అటకెక్కించాలో తెలియక కొట్టుకులాడిన ఇళ్లు ఈ తీరాన ఎన్నో. కట్టుబట్టలతో బడి వరండాల్లో చేరి, పులిహోర పొట్లాలకి చెయ్యి చాచినవాళ్లలో ఉద్యోగస్థులూ ఉన్నారు, దుకాణాలవాళ్లూ ఉన్నారు. కాని వరద తీస్తుంది. నాలుగు రోజులకి ఎవరిల్లు వాళ్లు కడుక్కుంటారు.

తియ్యని వరద ఇంకొకటి ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు వాళ్లు, ఒకవైపు మావోయిస్టులు, మధ్యన ఊళ్లు. ఊళ్లకి ఊళ్లు తగలబడ్డాయి. దంతెవాడ, బీజాపూర్ వైపు నుంచి వేలమంది ఆదివాసులు అడవి దారుల్లో నడుచుకుంటూ అప్పటి మన ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. గొత్తికోయలని మనవాళ్లు పిలిచేది వాళ్లనే. గిరిజన యువకులకి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గాని వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేదు. వెళ్లడానికి అక్కడ ఊరుండాలి కదా! ఇక్కడేమో అటవీశాఖ వాళ్లకి అది రిజర్వు అడవి. గుడిసె వేస్తే ఆక్రమణ. చట్టం ప్రకారం వాళ్లు శరణార్థులూ కారు, దేశం సరిహద్దు దాటలేదు గనక. రాష్ట్రం సరిహద్దు మాత్రమే దాటారు. షెడ్యూల్డు తెగల జాబితా ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే గనక, శబరికి అవతల తాతముత్తాతల నుంచీ ఆదివాసి అయినవాడు ఇవతల కాలుపెట్టగానే అది మళ్లీ రుజువు చేసుకోవాలి.

పోయిన మే నెలలో మా పక్కింటివాళ్లు మేడ వేసుకుంటున్నారు. మిరపకోతలు అయిపోయాక ఆ కట్టుబడి పనికి ఒక గొత్తికోయ అమ్మాయి వచ్చేది. ముప్ఫై లోపే ఉంటుంది. వెంట తొమ్మిదేళ్ల కూతురు, దాని చంకలో ఏడాదిన్నర తమ్ముడు. ఎండకి మా వసారాలోకి వచ్చి కూచునేవాళ్లు. మొదటిరోజు ఆ పిల్ల మెల్లగా గేటు దాటి వచ్చి, "ఏర్, ఏర్" అంది. మావారు చాలా మర్యాదగా లేచి వెళ్లి, గోదావరి ఎటు ఉందో చెయ్యి చాచి చూపించారు! ఆ పిల్ల తెల్లబోయి చూస్తోంది. అంట్లు తోముకుంటున్న మా పనామె చెయ్యి కడుక్కుని పరుగెత్తుకొచ్చింది. ఆమె ఇక్కడి కోయ.

"అయ్యగారూ, ఏరు గాదు, మంచినీళ్లడుగుతున్నది పిల్ల" అంది నవ్వాపుకుంటూ.

వాళ్ల మాటలో నీళ్లంటే ఏర్. మనకి ఏరంటే పారేది, వాళ్లకి తాగేది. అక్కాచెల్లెళ్ల లాంటి మాటలే. మధ్యలో ఒక దాహం తేడా.

ఆ పుస్తకం నేను సాయంత్రాలు మా మనవడికి తెలుగులో చెబుతుంటే ఆ పిల్ల గుమ్మం పక్కన కూచుని వినేది. సగం అర్థమయేది, సగం మా పనామె కోయలో అందించేది. "వాళ్ల మాట, మా మాట ఒక తీరుగనే ఉంటదమ్మా, జర వంకర, అంతే" అంటుంది ఆమె. దాని తల్లి కూడా తట్ట దించి, తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ మెట్టు మీద చేరేది. మేస్త్రీ కేకేసేదాకా అక్కడే.

మా మనవడికి ఒక పిచ్చి పట్టుకుంది. అడవిలోంచి వచ్చింది గనక ఆ పిల్లకీ ఏవో శక్తులుండి తీరాలి. చెవి ఆనించి పాము ఎక్కడుందో చెబుతుందా? చీకట్లో కనపడుతుందా? పిట్టలతో మాట్లాడుతుందా? పేపర్లలోనూ ఇటువంటివి రాస్తుంటారు, అడవి బిడ్డలు, ప్రకృతి ఒడి అనీ. నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్లకి చీకటంటే భయం. మిల్లుకి కర్ర తెచ్చే లారీలంటే మరీ భయం, హారన్ కొడితే తమ్ముణ్ణి వాటేసుకుని గోడకి అతుక్కుపోతుంది. దానికున్న శక్తల్లా ఒకటే. తొమ్మిదేళ్ల నడుం మీద ఏడాదిన్నర వాణ్ణి పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా మొయ్యడం. అది వింతశక్తి అని ఏ పుస్తకంలోనూ రాయరు, మన ఆడపిల్లలందరికీ ఉన్నదే గనక.

కథ పూర్తయిన రోజు, బీన్ కుటుంబం ఇల్లు వదిలి వెళ్లిపోయిందని చెప్పగానే, అన్నాళ్లూ నోరు విప్పని ఆ తల్లి ఏదో అడిగింది. మా పనామె చెప్పింది: "ఆ ఇంటోళ్లు పోయేటప్పుడు ఏం పట్టుకపోయిన్రు అని అడుగుతున్నది."

మా మనవడు చటుక్కున, "అక్కడ డబ్బుతో పనిలేదుగా, ఏమీ అక్కర్లేదు" అన్నాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. తర్వాత నెమ్మదిగా, తట్ట అంచు గోకుతూ చెప్పుకొచ్చింది. వాళ్లు వచ్చినప్పుడు తను ఇప్పటి కూతురంత ఉంటుందట. రాత్రిపూట బయల్దేరారు. వాళ్లమ్మ సొరబుర్రలో విత్తనాలు పోసుకుంది. నాన్న గొడ్డలి పట్టుకున్నాడు. తను ఒక కోడిని చంకలో పెట్టుకుంది. కొంతదూరం వచ్చాక, కోడి అరిస్తే పట్టుబడిపోతామని దాన్ని అక్కడే పొదల్లో వదిలేయమన్నారు. వదిలేసింది. ఇరవై ఏళ్లయింది గదా, ఇంకా ఆ కోడి రంగు చెప్పింది. ఎర్రది, తోకలో నల్ల ఈక అట.

ఎవరం మాట్లాడలేదు. మేస్త్రీ పిలిచాడు, లేచి వెళ్లిపోయింది.

చూడండి, పారిపోయి వచ్చింది ఆ తల్లి. పిల్ల పుట్టింది ఇక్కడే. ఈ నీళ్లే తాగింది, ఈ వరదే చూసింది. అయినా వీధిలో అందరూ దాన్ని వలసోళ్ల పిల్ల అనే పిలుస్తారు. మరి హైదరాబాదులో ఉన్న నా మనవణ్ణి ఎవరూ తెనాలివాళ్ల పిల్లాడు అనరే! ఎన్నేళ్లకి ఈ 'వచ్చినవాళ్లు' అన్న మాట ఊడుతుందో, ఎవరికి ఊడుతుందో, ఎవరికి తరాలు మారినా అంటుకునే ఉంటుందో, దీనికేమైనా లెక్క ఉందా?

జూన్‌లో బడులు తెరిచారు. ఆ పిల్లని చేర్పిద్దామని మా పనామె, నేనూ వెంట వెళ్లాం. ఏ బడి అన్నది అప్రస్తుతం. పుట్టిన తేదీ కాగితం కావాలని ఒకరన్నారు. తల్లి బిక్కమొహం వేసింది. లోపలినుంచి పెద్ద పంతులుగారు వచ్చి, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదన్న వంకతో పిల్లల్ని తిప్పి పంపకూడదు, రాయండి అన్నారు. రాశారు. చంకలోవాడి సంగతేమిటంటే, అంగన్‌వాడీలో మూడేళ్లు నిండితేగాని కూచోబెట్టుకోరు. అందాకా అమ్మమ్మ చూసుకుంటుందని తల్లి ఒప్పుకుంది. ఆ ముసలావిడ, అదే సొరబుర్ర ఆవిడ, ఇంకా ఉంది.

చేర్పించడం ఒక ఎత్తు, కూచోబెట్టడం ఇంకో ఎత్తు. పదిరోజులకి కబురొచ్చింది, పిల్ల మందకొడి, నోరు విప్పదని. మందకొడి ఎందుకవుతుందండీ? మూడు సాయంత్రాలు విని, నేను చెప్పే కథలో ఎక్కడ తప్పు చెప్పానో మా పనామెతో చెప్పించిన పిల్ల! చెవిలో పడే ప్రతి మాటా పరాయిదైతే ఎవరి నోరు మాత్రం పెగులుతుంది? పెళ్లయిన కొత్తలో మా తోడికోడలు బొంబాయి వెళ్లి ఆరునెలలు మూగనోము పట్టింది, ఎమ్మే చదివిన మనిషి! ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, చిన్న తరగతుల వాచకాలు వేయించారు. పిల్లవాడు ముందు తన మాటలో అక్షరాలు నేర్చుకుని, తర్వాత తెలుగులోకి రావాలని. ఎంత చక్కని ఆలోచన! ఈ బడి బీరువాలో ఆ వాచకాలు ఉంటే బాగుండునని పెద్ద పంతులుగారితో అన్నాను. ఆయన వెతుకుతానన్నారు. అందాకా మా పనామెని శనివారాలు ఒక గంట వచ్చి, ఆ ఇద్దరు ముగ్గురు వలస పిల్లల్నీ, ఇక్కడి కోయ పిల్లల్నీ కూచోబెట్టి ఏదైనా కథ చెప్పమన్నారు. ఆమె సిగ్గుపడి, నాకు చదువు రాదంది. కథకి చదువెందుకన్నారాయన.

మొన్న శనివారం నేనూ వెళ్లాను, చివరి బెంచీ మీద కూచున్నాను. ఆమె చెబుతున్నది జాన్ కథే అని పేరుబట్టి తెలుస్తోంది గాని, ఊరంతా మారిపోయింది. బీన్ దంపతులకి రంగురాళ్ల దుకాణం పోయి రెండావులు వచ్చాయి, పెరట్లో ఇప్పచెట్టు వచ్చింది. మధ్యలో ఎర్రకోడి కూడా ఒకటి వచ్చింది, ఆ మాట దగ్గర మాత్రం మా పిల్ల గభాల్న తలెత్తి చూసింది.

బయటికొచ్చాక అడిగాను: "అంతా బాగుంది గాని, వాడు మనసులో మాట వినగలడు అన్న ముక్క చెప్పావా?"

"లేదమ్మా, అది చెప్పలే."

"మరి పరాయి లోకం పిల్లాడు, వాడికి వీళ్ల భాష ఎలా వచ్చింది?"

నావైపు వింతగా చూసింది. "ఆ ఇంట్ల పిల్లలతోని ఆడుకున్నడు గదమ్మా," అంది.